రైతుల మార్కెట్‌లో మా వాగ్యూ బీఫ్: స్టీక్‌లు అయిపోతున్నాయి, కీమా ఫ్రీజర్‌లోనే ఉండిపోతోంది

పచ్చిక_దారి:

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా కలిసి తొమ్మిది పశువుల్ని పెంచుతున్నాం. అన్నీ మొదటి తరం క్రాస్, అంటే తండ్రి జపాన్ మూలం ఉన్న మాంసపు జాతి, ఫుల్‌బ్లడ్ నల్ల వాగ్యూ, తల్లులు ఆంగస్ అనే ఇంకో మాంసపు జాతి. మొదటి ఎద్దుని 28 నెలల వయసులో కోతకి పంపాం. ప్రాణంతో ఉన్నప్పుడు 620 కేజీలు తూగింది, తోలూ తలా పేగులూ తీసి వేలాడదీసినప్పుడు దాదాపు 370 వచ్చింది, పద్నాలుగు రోజులు చల్లగదిలో ఉంచి ముక్కలు కొట్టి ప్యాక్ చేస్తే మా చేతికి వచ్చింది సరిగ్గా 230 కేజీలు. ఈ తేడా చూసి మా ఆవిడ ఇంకెవరో కొంత తీసేసుకున్నారేమో అని కూడా అనుకుంది.

నాలుగు శనివారాలుగా రైతుల మార్కెట్‌లో బల్ల వేస్తున్నాం. మొదటి రోజు బోణీ అయిన గంటన్నరలో రిబ్‌ఐ, స్ట్రిప్, టెండర్‌లాయిన్, అంటే వీపు వైపు వచ్చే మెత్తటి స్టీక్ ముక్కలు, మొత్తం అయిపోయాయి. చాలా సంతోషం వేసింది. ఆ తర్వాత మూడు వారాలూ వచ్చినవాళ్లు వచ్చినట్టే "స్టీక్ లేదా?" అని అడిగి వెళ్లిపోతున్నారు. మిగిలిందంతా కీమా, వెనక తొడ రౌండ్, భుజం దగ్గరి చక్, రొమ్ము భాగం బ్రిస్కెట్, ఎముకలు. 95 కేజీల కీమాలో ఇంకా 78 కేజీలు ఫ్రీజర్‌లోనే ఉంది. పెద్ద దుకాణాల్లో దొరికే మామూలు కీమా ధరకి దగ్గరగానే పెట్టాను, అయినా కదలడం లేదు.

ఇంకో ఇబ్బంది. కొంతమంది "ఇది అసలు వాగ్యూయేనా, ఏ5 గ్రేడా, కోబె అంటే ఇదేనా" అని అడుగుతున్నారు. నిజం చెప్తే నమ్మకం పోతుందేమో, చెప్పకపోతే మోసం అవుతుందేమో అని నోరు తడబడుతోంది. ధర ఎలా పెట్టాలి, ఈ ప్రశ్నలకి ఏం చెప్పాలి, రెండో పశువుని పంపేలోపు ఏం మార్చుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇంకో మాట, మాకు దగ్గర్లో ఒకాయన సగం ఖర్చుకే కోసి ఇస్తానంటున్నాడు, అతని దగ్గరికి వెళ్లొచ్చా?

---

సంత_పదేళ్లు:

తమ్ముడూ, ముందు ఆ 230 గురించి. ఎవరూ ఏమీ తీసుకోలేదు, మీ ఆవిడకి చెప్పు. ప్రాణంతో ఉన్న బరువులో అరవై శాతం దాకా కళేబరం, అందులో అరవై నుంచి అరవై అయిదు శాతం మధ్య అమ్మే మాంసం, మామూలు లెక్క ఇదే. వాగ్యూలో కొవ్వు ఎక్కువ కాబట్టి తీసి పారేసేదీ ఎక్కువ ఉంటుంది, చల్లగదిలో వేలాడినన్నాళ్లూ నీరు ఆరిపోయి ఇంకొంత తగ్గుతుంది. నీకు వచ్చింది సరిగ్గానే వచ్చింది.

నువ్వు చేసిన తప్పు వేరే ఉంది, నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను. ఒక పశువులో స్టీక్‌లు ఎన్ని ఉంటాయో చూడు. నీ 230లో రిబ్‌ఐ, స్ట్రిప్, టెండర్‌లాయిన్ మూడూ కలిపితే ముప్పై కేజీలు దాటవు. కీమా 95 అన్నావు. రోస్టులకీ, అంటే నిదానంగా వండే పెద్ద ముక్కలకీ, కూర ముక్కలకీ పనికొచ్చే చక్, రౌండ్ ఒక 70 ఉంటుంది, బ్రిస్కెట్, షార్ట్ రిబ్స్, ఎముకలు లాంటివి ఇంకో 35. ఇప్పుడు దూడ ఖర్చు దగ్గర్నుంచి దాణా, మందులు, కోత, ప్యాకింగ్, బల్ల అద్దె, డీజిల్ దాకా అంతా కలిపి 230తో భాగించు. ఒక కేజీకి నీకు పడిన సగటు అదే. ఆ సగటుని ఒకటి అనుకుందాం. ముప్పై కేజీల స్టీక్‌ని సగటుకి రెండున్నర రెట్లు పెట్టి మొత్తం అమ్మేసినా వచ్చేది 75, అంటే పెట్టిన దాంట్లో మూడో వంతు. మిగతా రెండు వంతులూ నువ్వు ఫ్రీజర్‌లో పెట్టుకుని కూర్చున్న సరుకులో ఉన్నాయి. గంటన్నరలో అయిపోయింది అంటే నీ స్టీక్ ధర తక్కువ పెట్టావని కూడా అర్థం, అది సంతోషించాల్సిన విషయం కాదు.

కీమాని దుకాణం ధరకి పెట్టడం ఇంకా పెద్ద తప్పు. దుకాణం ధరతో పోటీ పడి నువ్వు గెలవలేవు, పైగా ఆ ధర చూసినవాడు ఇదీ అదే సరుకు అనుకుంటాడు. నా లెక్కలో కీమా ఎప్పుడూ సగటు ఖర్చు కంటే కింద ఉండకూడదు. 95 కేజీలు 0.8కి అమ్మితే 76 వస్తుంది, 1కి అమ్మితే 95. ఆ ఒక్క తేడాతోనే నీకు ఇంకో 19 చేతికొస్తుంది. కావాలంటే కాగితం మీద వేసుకుని చూడు.

మరి కదలాలంటే ఏం చేయాలి? స్టీక్‌ని ఒంటరిగా అమ్మకు. వారానికి ఇన్నే స్టీక్‌లు అని పెట్టుకుని పశువు మొత్తానికి సరిపడా పది పన్నెండు వారాలకి పంచు. ఒక స్టీక్, రెండు ప్యాకెట్ల కీమా, ఒక రోస్టు కలిపి ఒక పెట్టెగా కట్టు. విడిగా స్టీక్ కావాలన్నవాడికీ ఇవ్వు, కానీ ధర పెట్టెలో కంటే బాగా ఎక్కువ ఉండాలి. నేను ఈ పద్ధతికి వచ్చాక ఫ్రీజర్ అడుగున ఏముందో అని టెన్షన్ పడటం మానేశాను.

రౌండ్‌ని మాత్రం రోస్టుగా కొట్టించకు. వాగ్యూ రౌండ్‌లో కూడా కండ మధ్య కొవ్వు తగినంత ఉంటుంది, రెండు మిల్లీమీటర్ల రేకులుగా మెషిన్ మీద కోయించి అరకేజీ ప్యాకెట్లు చేయించు. జపాన్‌లో ఈ మాంసాన్ని ఎక్కువగా అలా పల్చగా కోసే తింటారు. నిమిషంలో ఉడుకుతుంది, పని చేసుకుని ఇంటికొచ్చి వండుకునేవాళ్లు దాన్నే అడిగి మరీ తీసుకెళ్తారు. నా బల్ల మీద స్టీక్ తర్వాత అంత త్వరగా పోయేది అదే.

---

వంశావళి_పిచ్చి:

పేరు గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో జనం తెలిసీ తెలియక చాలా అబద్ధాలు ఆడుతున్నారు, నాకు బాధగా ఉంటుంది.

వాగ్యూ అంటే జపాన్ పశువు అని అర్థం, అంతే. వాళ్ల దగ్గర వాగ్యూ అనిపించుకునే జాతులు నాలుగు: నల్లది, గోధుమ రంగుది, షార్ట్‌హార్న్, కొమ్ముల్లేనిది. మనం బొమ్మల్లో చూసే మార్బ్లింగ్, అదే ఎర్రటి కండలో తెల్లటి దారాల్లా అల్లుకున్న కొవ్వు, ఎక్కువగా నల్లదానిది. 1976లో నాలుగు ఎద్దులు, రెండు నల్లవి, రెండు ఎర్రవి, అమెరికా వెళ్లాయి. ఆడపశువులు 1990ల్లో గానీ వెళ్లలేదు, ఆ తర్వాత జపాన్ తలుపులు మూసేసింది. 2020లో అయితే వీర్యం, పిండాల్ని అక్రమంగా తరలిస్తే శిక్ష పడేలా చట్టమే చేసింది. అంటే ఇవాళ జపాన్ బయట ఉన్న వాగ్యూ అంతా అప్పుడు వెళ్లిన ఆ కొద్ది పశువుల సంతానమే. ఆడపశువులు లేని రోజుల్లో ఆంగస్ లాంటి ఆవులతో దాటించడం తప్ప దారి లేదు, కాబట్టి క్రాస్ అనేది ఎవరో నిన్న మొదలుపెట్టిన కల్తీ కాదు, బయట దేశాల్లో వాగ్యూ కథ మొదలైందే అలా.

కోబె అనే మాట మీ నోటి వెంట రాకూడదు. హ్యోగో ప్రాంతంలో పుట్టి పెరిగిన తజిమా వంశపు పశువుకి, అందులోనూ మార్బ్లింగ్ కొలత 12లో 6 కంటే తగ్గనిదానికి మాత్రమే ఆ పేరు. ఏ5 కూడా అంతే. అది జపాన్‌లో వాళ్ల గ్రేడర్ వేసే ముద్ర. అందులో ఏ అనేది రుచి గురించి కాదు, కళేబరంలో ఎంత మాంసం వస్తుందనే దాని గురించి. 5 అనేది నాణ్యత, అది రావాలంటే మార్బ్లింగ్ కొలత 8 నుంచి 12 మధ్య ఉండాలి, పైగా మాంసం రంగు, బిగువు, కొవ్వు తీరు కూడా నెగ్గాలి. మన పశువుకి మనమే ఏ5 అని రాసుకోవడం అంటే పరీక్ష రాయకుండా మార్కులు వేసుకోవడమే.

మీరు బల్ల మీద ఒక అట్ట పెట్టండి. "తండ్రి నూటికి నూరు పాళ్లు నల్ల వాగ్యూ, తల్లి ఆంగస్. యాభై శాతం వాగ్యూ. మా దగ్గరే పుట్టింది, 28 నెలలు పెంచాం." ఇంతే రాయండి. అమెరికన్ వాగ్యూ అసోసియేషన్ లెక్కలో మొదటి తరం 50 శాతం, రెండోది 75, మూడోది 87.5, నాలుగోది 93.75, ప్యూర్‌బ్రెడ్ అనే మాట అక్కడి నుంచే మొదలవుతుంది. ఫుల్‌బ్లడ్ అంటే రెండు వైపులా నూరు శాతం. శాతం ఇంత అని మీరే ముందు చెప్తే అడిగినవాడి ముఖంలో అనుమానం పోతుంది, ఎందుకంటే మిగతా చోట్ల ఎవరూ శాతం చెప్పరు. ఎద్దు తాలూకు రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఇంకోటి, అడగకపోయినా చెప్తున్నాను. తర్వాతి ఎద్దునో వీర్యాన్నో కొనేటప్పుడు జన్యు పరీక్ష చూడకుండా కొనకండి. వాగ్యూలో కొన్ని వంశపారంపర్య జబ్బులున్నాయి, ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీసే బీ3, కిడ్నీల్ని పాడుచేసే సీఎల్16 లాంటివి. ఇప్పుడు మీ ఆవులు ఆంగస్ కాబట్టి పెద్దగా భయం లేదు. రేపు మీ పెయ్యల్నే మళ్లీ వాగ్యూకి దాటిస్తే రెండు వైపుల నుంచీ అదే లోపం కలిసే ప్రమాదం ఉంది.

---

ముద్ర_ముఖ్యం:

సగం ఖర్చుకి కోస్తానన్నాయన దగ్గరికి వెళ్లే ముందు ఒక్కటే అడగండి. "ఈ మాంసం నేను బయటివాళ్లకి అమ్మొచ్చా?"

నేను అడగలేదు. పశువు చక్కగా కోశారు, ప్యాకింగ్ కూడా బాగుంది, ఇంటికి తెచ్చి చూస్తే ప్రతి ప్యాకెట్ మీదా "అమ్మకానికి కాదు" అని ముద్ర. అది సొంత వాడకానికి కోసి ఇచ్చే చోటు. అమెరికాలో అయితే అలాంటి చోట కోసిన మాంసాన్ని పశువు యజమాని, అతని ఇంట్లోవాళ్లు, అతని పనివాళ్లు, డబ్బు తీసుకోకుండా పిలిచిన అతిథులు మాత్రమే తినాలి. ఒక్క ప్యాకెట్ అమ్మినా తప్పే. రెండేళ్లకి పైగా మేపిన పశువు, ఒక్క రోజు సంతకి కూడా వెళ్లలేదు. ఏడాదంతా మేమే తిన్నాం, ఇంటికొచ్చిన చుట్టాలకి వండి పెట్టాం. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది.

దేశాన్ని బట్టి పేర్లు వేరుగా ఉంటాయి గానీ చాలా చోట్ల సారం ఒకటే: అమ్మే మాంసం ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఉన్న కబేళాలో, పశువు నిలబడి ఉన్నప్పుడూ కోసిన తర్వాతా తనిఖీ అయి ఉండాలి. తనిఖీ వేరు, గ్రేడింగ్ వేరు. అమెరికాలో యూఎస్‌డీఏ అనే వ్యవసాయ శాఖదో, రాష్ట్ర ప్రభుత్వానిదో తనిఖీ తప్పనిసరి, ప్రైమ్, చాయిస్ అనే గ్రేడింగ్ మాత్రం మీరు కోరుకుని డబ్బు కట్టి చేయించుకునేది. సంతలో అమ్మడానికి గ్రేడ్ లేకపోయినా పర్వాలేదు, తనిఖీ ముద్ర లేకపోతే ఏమీ లేదు. లేబుల్ మీద గడ్డి మేత అనో, యాంటీబయాటిక్స్ వాడలేదనో రాయాలంటే దానికీ రుజువు కాగితాలు, అనుమతి అడుగుతారు, మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోవడానికి లేదు.

మంచి కబేళాలకి నెలల ముందే తేదీలు అయిపోతాయి. మీ రెండో పశువు తేదీ ఇవాళే ఫోన్ చేసి పెట్టుకోండి, పశువు సిద్ధమయ్యాక వెతకడం మొదలుపెడితే దాణా ఖర్చు రోజూ పెరుగుతూనే ఉంటుంది.

---

శనివారం_సంచీ:

నేను అమ్మేదాన్ని కాదు, ప్రతి శనివారం కొనేదాన్ని. మా వైపు నుంచి రెండు మాటలు.

మొదటిసారి వాక్యూమ్ ప్యాక్‌లో ఉన్న కీమా ఊదారంగులో, చాక్లెట్‌లా కనిపిస్తే పాతదేమో అని పెట్టేసి వచ్చేశాను. తర్వాత ఒక రైతు చెప్పాడు, గాలి తగలకపోతే మాంసం రంగు అలాగే ఉంటుందట, విప్పి పావుగంట ఇరవై నిమిషాలు ఉంచితే మళ్లీ ఎర్రగా అవుతుందట. ఇంటికెళ్లి చూస్తే నిజమే. మీ బల్ల దగ్గర ఎంతమంది నాలాగా ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగిపోతున్నారో మీకు తెలియదు కదా, వాళ్లు అడిగేలోపు మీరే చెప్పండి.

రెండోది, వండటం. అంత డబ్బు పెట్టి కొన్నది పాడు చేస్తానేమో అనే భయంతోనే సగం మంది కొనరు. చిన్న కాగితం ఇవ్వండి. స్టీక్‌కి నూనె వెయ్యక్కర్లేదని, పెనం బాగా కాలాక వేసి కాసేపే ఉంచాలని, తన కొవ్వులోనే వేగుతుందని. చక్ అయితే సన్నటి మంట మీద గంటలు పట్టాలని. కీమా మాత్రం లోపల 71 డిగ్రీలు వచ్చేదాకా ఉడకాలని, అది స్టీక్‌లా మధ్యలో ఎర్రగా వదిలేయకూడదని, ఎందుకంటే మర పట్టినప్పుడు పైన ఉన్న సూక్ష్మక్రిములు లోపలికంతా కలిసిపోతాయి. ఈ కాగితం ఇచ్చినాయన దగ్గరే నేను మూడేళ్లుగా కొంటున్నాను, ఆయన ధర అందరికంటే ఎక్కువ.

---

కత్తి_పదును:

నేను కోత పని చేసేవాణ్ణి. కీమా కదలకపోవడానికి ధర ఒక్కటే కారణం కాకపోవచ్చు. మీరు కట్ షీట్‌లో, అదే ఏ ముక్క ఎలా కొట్టాలో రాసిచ్చే కాగితంలో, కొవ్వు శాతం ఎంత రాశారు? ఏమీ రాయకపోతే వాగ్యూ ముక్కలన్నీ అలాగే మర పట్టేస్తారు, ముప్పై శాతం దాటిపోతుంది. కొన్నవాడు పెనం మీద వేస్తే సగానికి కుంచించుకుపోయి నూనెలో తేలుతుంది, రెండోసారి రాడు. 20 శాతం అని స్పష్టంగా రాయండి. ఈ కొవ్వు మామూలు బీఫ్ కొవ్వు కంటే తక్కువ వేడికే కరుగుతుంది, ఆలివ్ నూనెలో ఉండే ఒలియిక్ యాసిడ్ దీంట్లో ఎక్కువ కాబట్టి. చేతి వేడికే జిగటగా అవుతుంది. అందుకని మాంసం గడ్డకట్టే ముందు దశ దాకా చల్లబరిచి మర పట్టాలి, లేకపోతే కొవ్వు పూసినట్టు అయిపోయి ముద్దగా వస్తుంది. మీ కోత పనివాడికి ఈ మాట ముందే చెప్పండి, తెలిసినవాడైతే తల ఊపుతాడు.

తీసేసిన కొవ్వు వదిలేసి రాకండి. అడిగి తెచ్చుకుని కరిగించి వడకట్టి అమ్మేవాళ్లున్నారు, కానీ దానికి విడిగా అనుమతి కావాలేమో మీ మార్కెట్‌లో కనుక్కోండి.

సంత అన్న చెప్పిన పెట్టె పద్ధతి మంచిదే, కానీ నా మాట వేరు. తొమ్మిది పశువులే ఉన్నప్పుడు ప్రతి శనివారం నిలబడి ప్యాకెట్లు అమ్మడం ఎందుకు? పశువు ప్రాణంతో ఉండగానే సగం, పావు చొప్పున వాటాలు అమ్మేయండి. కీమా, ఎముకలు, అన్నీ వాళ్లే తీసుకెళ్తారు. ఫ్రీజర్ అక్కర్లేదు, మిగులూ ఉండదు.

---

సంత_పదేళ్లు:

కత్తి గారూ, వాటాలు మంచివే, నేనూ ఏడాదికి రెండు పశువులు అలాగే ఇస్తాను. కానీ పావు వాటా తీసుకోవాలంటే యాభై కేజీలకి పైగా మాంసం పెట్టుకునే ఫ్రీజర్ వాళ్లింట్లో ఉండాలి, అంత డబ్బు ఒకేసారి ముక్కూ మొహం తెలియని రైతు చేతిలో పెట్టాలి. ఆ నమ్మకం ఎక్కడ పుడుతుంది? బల్ల దగ్గరే. నా వాటాదారులందరూ మొదట ఒక్క కీమా ప్యాకెట్‌తో మొదలైనవాళ్లే. కాబట్టి ఈ తమ్ముడు ఏడాదిపాటు బల్ల వేయాల్సిందే, ఆ తర్వాత వాటాలు.

రుచి చూపించడం గురించి ఎవరూ చెప్పలేదు. మార్కెట్ వాళ్ల దగ్గర అనుమతి తీసుకుని, చేతులు కడుక్కునే ఏర్పాటు పెట్టుకుని, కీమా వేయించి చిన్న చిన్న ముక్కలు ఇవ్వు. స్టీక్ రుచి చూపించకు, అది ఎలాగూ అమ్ముడుపోతుంది. నీకు కదలనిది ఏదో అదే పెనం మీద వెయ్యాలి. ఆ వాసనకే జనం ఆగుతారు.

---

పచ్చిక_దారి:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. మూడు వారాలు అన్నీ చేసి చూసి రాస్తున్నాను, అందుకే ఆలస్యం.

కట్ షీట్ తీసి చూశాను. కొవ్వు శాతం గడి ఖాళీగా ఉంది. కత్తి గారూ, మీరన్నది నిజమే. మేము ఇంట్లో కీమా వండుకుని చూస్తే పెనంలో అంత కొవ్వు తేలింది. ఈ 78 కేజీలకి ఏం చేయలేను కాబట్టి ప్యాకెట్ల మీద "కొవ్వు ఎక్కువ, ఇంకో నూనె వేయకండి" అని స్టిక్కర్ వేసి, అడిగినవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పాను. ధర మాత్రం సగటు ఖర్చుకి కొంచెం పైకి పెంచాను, చేతులు వణికాయి. మా ఆవిడ పెనం దగ్గర నిలబడింది. మొదటి శనివారం తొమ్మిది కేజీలు, రెండో శనివారం పదమూడు, నిన్న పదహారు పోయింది. ముందు నాలుగు వారాలూ కలిపి పోయింది పదిహేడే.

శాతం రాసిన అట్ట పెట్టినప్పటి నుంచి నాకు ప్రాణం తేలికపడింది. ఒకాయన చదివి "సగమేనా" అని వెళ్లిపోయాడు. అతని వెనకే నిలబడిన ఒక పెద్దావిడ "నిజం రాశావు" అని రెండు రోస్టులు తీసుకుంది. సగటున చూస్తే ఇదివరకు కంటే ఎక్కువ మంది ఆగి మాట్లాడుతున్నారు.

సగం ఖర్చాయనకి ఫోన్ చేసి ముద్ర అక్క అడగమన్న ఒక్క ప్రశ్నే అడిగాను. "అమ్మడానికి కుదరదు, ఇంట్లో తినడానికే" అన్నాడు. ఆయన దాచలేదు, నేనే అడగలేదు. పాత చోటే ఖాయం చేసుకున్నాను, తేదీ నాలుగు నెలల తర్వాత దొరికింది.

ఒక్క సందేహం మిగిలింది. బల్ల దగ్గర ఫ్రీజర్‌కి కరెంట్ లేదు. ఐస్ పెట్టెల్లో పెట్టుకెళ్తున్నాను, మధ్యాహ్నానికి పైన ఉన్న ప్యాకెట్లు కొంచెం మెత్తబడుతున్నాయి. వాటిని తిరిగి ఇంటికి తెచ్చి గడ్డ కట్టించి మళ్లీ అమ్మొచ్చా?

---

ముద్ర_ముఖ్యం:

అమ్మకండి. లోపల ఇంకా మంచు పలుకులుంటే, లేదా వేడి నాలుగు డిగ్రీలు దాటకపోతే మళ్లీ గడ్డ కట్టించినా ఆరోగ్యానికి ప్రమాదం లేదంటారు, కానీ నీరు వదిలేసి మాంసం పీచుగా అవుతుంది, మీ పేరు మీద అది బయటికి వెళ్లకూడదు. అలాంటివి మీ ఇంట్లో వండుకోండి. పెట్టెకి ఒక థర్మామీటర్ కట్టి, బల్ల తెరిచినప్పుడూ మూసేటప్పుడూ ఎంత ఉందో నోట్‌బుక్‌లో రాసుకోండి, తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగేది అదే. మైనస్ 18లో బాగా గట్టిపడిన సరుకే తీసుకెళ్లండి, పెట్టెని నిండా సర్దండి, ఖాళీ ఉంటే త్వరగా కరుగుతుంది. బల్ల మీద మాంసం పరవకుండా ఖాళీ కవర్లకి లేబుల్ అంటించి చూపించండి, అడిగినప్పుడే పెట్టె తెరవండి. ఇంకో పెట్టె పూర్తిగా ఐస్‌తో కారులో ఉంచుకోండి, పదకొండింటికి ప్యాకెట్లు అందులోకి మార్చేయండి.